అసిరమ్మ చేతుల మీద పేర్లు

గిరిసోల స్టేషను నుంచి ఊళ్లోకి తిరిగే మలుపులో అసిరమ్మ ఇడ్లీలమ్మేది. మొగుడు రైల్వేలో గ్యాంగుమేనుగా చేసి పోయాడు. ఆయన పింఛను వస్తున్నా ఆమె పొయ్యి ఆర్పలేదు. బరంపురం వెళ్లే మొదటి ప్యాసింజరు వచ్చేసరికి రెండు వాయిల ఇడ్లీ దిగిపోయేది, పక్క పొయ్యి మీద శనగల గుగుని ఉడుకుతూ ఉండేది. తెలుగువాళ్లు చట్నీ అడిగేవారు, ఒడియావాళ్లు గుగుని పోయించుకునేవారు, కాలేజీ పిల్లలు రెండూ కలిపి తినేవారు. రైలు వెళ్లిపోయాక గిన్నెలు తోముకుని, అరుగు మీద కూచుని, మోచేతుల దాకా కొబ్బరినూనె రాసుకునేది. కొత్తగా పేరు వచ్చినచోట దురద పెడుతుంది. నూనె రాస్తే కాస్త నిమ్మళిస్తుంది.

పెళ్లి సంబంధాలవాళ్లు ఆ వేళకే వచ్చేవారు. పిల్లాడి జాతకం, ఉద్యోగం, ఇల్లూ వాకిలీ అన్నీ చూసుకున్నాక ఆఖరికి అసిరమ్మ చేతులు చూసుకోవాలి. అది ఆ ప్రాంతంలో ఎప్పటినుంచో ఉన్నదే. ఆమెకి ముందు ఆమె మేనత్త చేతుల మీదికి వచ్చేవట. పచ్చబొట్టు రంగులో, చీమ తలంత అక్షరాల్లో, మణికట్టు దగ్గర మొదలై పైకి పాకుతూ మగాళ్ల పేర్లు. పేరు, ఊరు. తెలుగులో సంతకం పెట్టేవాడిది తెలుగులో, ఒడియాలో పెట్టేవాడిది ఒడియాలో. ఇంట్లో ఆడదాన్ని కొట్టేవాడి పేరు. కొట్టగానే రాదు. మొదటిసారికి రాదు. రెండోసారికీ రాదు. మూడోసారికి వస్తుంది. అందుకే కల్లు దుకాణం దగ్గర మగాళ్లు, "నాకింకా ఒకటి మిగిలుందిరా" అని వేళాకోళమాడుకునేవారు.

అసిరమ్మకి చదువు రాదు. వచ్చినవాళ్లే కళ్లజోళ్లు పెట్టుకుని, వరస వెంబడి వేలు జరుపుకుంటూ చదువుకునేవారు. పేరు లేకపోతే ఊపిరి పీల్చుకుని రెండిడ్లీ తినేవారు. ఉంటే మాట్లాడకుండా లేచి వెళ్లేవారు. ఒకసారి బరంపురం నుంచి ఒక ఎస్సై మేడమ్ వచ్చి పేర్లన్నీ నోటుపుస్తకంలో ఎక్కించుకుంది. ఒంటి మీద రాత కోర్టులో చెల్లదని పైవాళ్లు అన్నారట. ఆవిడ పుస్తకం మాత్రం పారెయ్యలేదు.

వచ్చిన పేరు పోయేది కాదు. జీడితోటలో కాపలా కాసే పైడన్న తాగుడు మాని పన్నెండేళ్లయింది. పెళ్లాం మీద గొంతు కూడా లేపడం లేదని ఆ పెళ్లామే వచ్చి చెప్పింది. ఒకరోజు అతను వచ్చి చేతులు చూడనిమ్మన్నాడు. అతని పేరు అతని చోటే ఉంది, మొదటిరోజంత పచ్చగా.

"అయితే పోదన్నమాట," అన్నాడు.

"నా సేతుల్లో ఏటుంది బావు," అంది అసిరమ్మ. "రెండిడ్లీ తినెల్లు."

అతను తల వంచుకుని తిన్నాడు. ఆ రోజు అసిరమ్మకి జాలేసింది. ఆ రాతకి మాత్రం జాలి లేదు.

అసిరమ్మకి ఒక్కడే కొడుకు, గౌరీశంకర్. బరంపురం బడా బజార్‌లో బట్టల కొట్లో పని. నెమ్మదస్తుడని పేరు. చీర విప్పి చూపించి మళ్లీ మడతపెడితే పాత మడత మీదే పడేది. ఇచ్ఛాపురం నుంచి పద్మినిని చేసుకున్నారు. ఆరు నెలలు బాగానే గడిచాయి. ఒకరోజు పులుసులో ఉప్పెక్కువైందని కంచం విసిరాడు. కంచం తర్వాత చెయ్యి విసిరాడు. అసిరమ్మ కొడుకుని తిట్టి, కోడలి దవడకి పసుపు అద్దింది. "పోన్లేమ్మా, ఒక్కసారికే ఏటైపోద్ది," అంది. రెండోసారి దీపావళి ముందు. అప్పుడూ తిట్టింది, కొడుక్కి రెండు రోజులు అన్నం పెట్టలేదు. ఆ రెండు రోజులూ పద్మినే పెట్టింది.

మూడోసారి వానాకాలంలో. అసిరమ్మ చుట్టాలింటికి వెళ్లి వచ్చేసరికి పద్మినికి ఒక కన్ను మూసుకుపోయి ఉంది. గౌరీశంకర్ పెరట్లో చేతులు కడుక్కుంటున్నాడు. మర్నాడు ఇడ్లీ పిండి కలుపుతూ ఉంటే అసిరమ్మకి ఎడమచేతి లోపలివైపు, మోచేతికి కాస్త కింద, దురద మొదలైంది.

ప్రపంచంలో అసిరమ్మ చదవగలిగిన మాట ఒక్కటే ఉంది. గౌరీశంకర్ రెండో తరగతిలో ఉండగా బొగ్గుముక్కతో వంటింటి గోడ నిండా తన పేరు రాశాడు. ఆమె తిట్టింది గానీ ఆ గోడకి సున్నం వెయ్యనివ్వలేదు. ఏళ్ల తరబడి పొయ్యి ముందు కూచుని చూసి చూసి ఆ మాట ఆమెకి మనిషి ముఖం గుర్తున్నట్టు గుర్తుండిపోయింది. ఇప్పుడు ఆ మాట పిండి చేతి మీద ఉంది.

పాత చీర చింపి పీలిక చుట్టుకుంది. ఒంటి చేత్తో ముడి పడలేదు. పళ్లతో లాగింది, జారిపోయింది. మొదటి రైలు వచ్చే వేళవుతోంది.

"పద్మినీ, ఇలారా. ఈ ముడెయ్యి. గంజి పడి కాలిపోనాది."

పద్మిని వచ్చింది. పీలిక మళ్లీ జారింది. పద్మిని పదో తరగతి దాకా చదివింది. వాపు లేని కంటితో ఆ పేరు చదివింది. తర్వాత పీలిక తీసుకుని, మొదటినుంచి సాపుగా చుట్టి, రెండు ముళ్లు వేసింది.

"బిగుతుగా ఉందేటత్తా?"

"నేదమ్మా," అంది అసిరమ్మ, పొయ్యి వైపు చూస్తూ.

పద్మిని ఇంకో ఐదు నెలలు ఆ ఇంట్లో ఉంది. ఒక దెబ్బకి ఎడమ చెవి పూర్తిగా వినిపించకుండా పోయాక ఆమె తమ్ముడు వచ్చి తీసుకెళ్లాడు. వెళ్లేముందు వంగి అత్త కాళ్లకి దణ్ణం పెట్టింది. అసిరమ్మ ఏదో అంది. ఆ వినిపించని చెవి వైపు నిలబడి అంది, అందుకని ఆ మాట పద్మినికి చేరలేదు. విడాకుల కాగితాల మీద సంతకాలయ్యాక గౌరీశంకర్ బట్టల కొట్టు మానేసి, ఊరి కుర్రాళ్లతో కలిసి సూరత్ మగ్గాలకి వెళ్లిపోయాడు.

కట్టు కట్టిన రోజు నుంచి అసిరమ్మ చేతుల మీదికి కొత్త పేరు రాలేదు.

మొదట ఆమె గమనించలేదు. నూనె రాసుకోవడం మరిచిపోతున్నానని ఒకరోజు తోచింది. దురదే లేదు. వచ్చినవాళ్లు చదివి పాత పేర్లే చెప్పేవారు. జనం సంతోషించారు. "మగోలు మారిపోనారే," అనుకున్నారు. సర్పంచి ఆ మాట ఒక మీటింగులో కూడా చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు.

అసిరమ్మకి తెలుసు. నోరు నొక్కితే మాట ఆగినట్టు, ఒక్క పేరు కప్పితే మిగతావి ఆగిపోయాయి. కట్టు విప్పితే వస్తాయని కూడా తెలుసు. విప్పలేదు. స్నానానికి కూచున్నప్పుడు కూడా ఆ చేతిని దూరంగా చాపి నీళ్లు పోసుకునేది.

ఎండలు ముదరకముందు మార్కండి నుంచి కూర్మమ్మ వచ్చింది. సముద్రపు ఒడ్డున చేపలమ్ముకునే మనిషి, మొగుడు లేడు, ఒక్కతే కూతురు సాయిపద్మ. సంబంధం ఛత్రపురంలో. కుర్రాడి పేరు హరీష్, ఐసు పెట్టెల వ్యాను తోలతాడు. కూర్మమ్మ ఏడో తరగతి చదివింది, తెలుగూ ఒడియా రెండూ వచ్చు. రెండు చేతులూ తిప్పి తిప్పి, ఒకసారి చాలదని రెండోసారి కూడా చదివింది.

"ఈ కట్టు కిందేటుందప్పా?"

"కాలిపోనాది."

"అయ్యో. తడి తగలనియ్యకప్పా," అంది కూర్మమ్మ, సొంత అక్కతో అన్నట్టు. కూతురికి మంచి సంబంధం దొరికిందన్న సంతోషంలో బుట్టలోంచి నాలుగు ఎండుచేపలు తీసి అసిరమ్మ ఒళ్లో పెట్టి వెళ్లింది.

పెళ్లయిన ఏడో నెలలో సాయిపద్మ చచ్చిపోయింది. మేడ మెట్ల మీంచి జారిందన్నారు అత్తవారు. ఒంటి మీద మెట్లు చెయ్యలేని గుర్తులున్నాయి. హరీష్‌ని పట్టుకెళ్లారు, నెల తిరక్కుండా బెయిలు మీద బయటికొచ్చాడు. అతనికి అంతకుముందే గుట్టుగా గుళ్లో ఒక పెళ్లయిందనీ, ఆ పిల్ల కిందటి శీతాకాలంలో మూడోసారి దెబ్బలు తిని పుట్టింటికి పారిపోయిందనీ అప్పుడు బయటపడింది.

ఆ శీతాకాలానికి అసిరమ్మ చేతికి కట్టుంది.

కూర్మమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి బుట్ట లేదు. అరుగు మీద కూచుని, "సేతులియ్యప్పా ఓసారి," అంది.

అసిరమ్మ ఇచ్చింది. కూర్మమ్మ కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్క పేరు మీద వేలు ఆపుతూ చదవసాగింది.

"ఏటి ఎతుకుతున్నావు కూర్మమ్మా?"

"ఆడి పేరు. ఏదో మూల ఉండుంటాది. ఆ రోజు నాను సరిగ్గా సూణ్నేదు. రైలు తొందరొకటి. ఈ కళ్లజోడు కూడా తేనేదు." ఆమె వేలు కట్టు దాకా వచ్చి ఆగింది. కట్టు మీంచి దాటి అవతలివైపు మొదలుపెట్టింది. భుజం దాకా వెళ్లి, రెండో చెయ్యి కూడా పూర్తిచేసి, కళ్లజోడు తీసేసింది.

"నేదు," అంది. "అయితే నాను బాగానే సూసినానన్నమాట. మరెందుకిలాగైపోనాదప్పా?"

అసిరమ్మ రెండిడ్లీ వడ్డించి ఆమె ముందుకి జరిపింది. కూర్మమ్మ ఇడ్లీ ముట్టుకోలేదు. మంచినీళ్లు మాత్రం తాగి, రైలు ఇంకా చాలాసేపు ఉన్నా స్టేషనుకి నడిచి వెళ్లిపోయింది.

మాఘమాసంలో గౌరీశంకర్ పది రోజుల సెలవు మీద సూరత్ నుంచి వచ్చాడు. రెండో పెళ్లికి సంబంధం తానే మాట్లాడుకున్నాడు. బరంపురంలో మంగమ్మ అనే ఆవిడ కూతురు ప్రమోద, ఒక చిన్న నర్సింగు హోములో నర్సు. ముప్పై దాటాయి. మంగమ్మ ముందొకసారి ఒంటరిగా వచ్చింది. అసిరమ్మ చేతులు చాపబోతే నవ్వి తోసేసింది.

"నీ కొడుక్కి నీ సేతులు సూడ్డవేటి ఒదినా! పేర్లొచ్చే ఇంటికే పిల్లనిస్తన్నాను. ఇంతకన్నా ధైర్యవేటి కావాల? మొదటి పెళ్లానికి పొసగనేదంట కదా?"

"పొసగనేదు," అంది అసిరమ్మ.

తాంబూలాలు పుచ్చుకోడానికి ఆదివారం పొద్దున వచ్చారు. ముందు గదిలో మంగమ్మ, ఆమె అన్న, గౌరీశంకర్ కూచున్నారు. ప్రమోద నేరుగా వంటింట్లోకి వచ్చింది. పొడుగ్గా, సన్నగా ఉంది. గిన్నెలు అందుకోబోయి అసిరమ్మ చెయ్యి చూసింది.

"ఈ కట్టేంటత్తా, ఇంత మాసిపోయింది?"

"కాలిందమ్మా. గంజి."

"ఎప్పుడు?"

"పోయినేడు కాదు... ఆ ముందేడు వానల్లో."

ప్రమోద చేతిలో గిన్నె కిందపెట్టింది. "ఏడాదిన్నర బట్టి మానలేదంటే అది మామూలు పుండు కాదత్తా. షుగర్ ఉందేటి నీకు? ఎవరికైనా చూపించావా? నొప్పి ఉందా?"

ఏడాదిన్నరలో ఆ చెయ్యి నొప్పెడుతోందా అని ఎవరూ అడగలేదు. ప్రమోద పొయ్యి మీద నీళ్లు వేడిపెట్టి చిటికెడు ఉప్పు వేసింది. పీట లాగింది. ముందు గదిలో గౌరీశంకర్ నవ్వు వినిపిస్తోంది. వాడి నవ్వు చిన్నప్పటి నుంచి అంతే, ముందు ఆగి ఆగి, తర్వాత ఒక్కసారిగా. వద్దమ్మా అంటే చాలు. ఆ మాట అసిరమ్మ నాలిక చివరే ఉంది. కూర్మమ్మ వేలు కట్టు దగ్గర ఆగి, నమ్మి, దాటిపోవడం మాత్రం ఆమెకి చర్మం మీద ఇంకా తెలుస్తోంది.

పీట మీద కూచుని చెయ్యి చాపింది. "ఇప్పమ్మా," అంది.

గుడ్డ చర్మానికి అతుక్కుపోయి ఉంది. ప్రమోద తడిపి తడిపి కొంచెం కొంచెంగా తీసింది. కింద పుండు లేదు. ఎండ తగలక పాలిపోయిన చర్మం మీద పేరు పచ్చగా ఉంది. ప్రమోద చదివింది. ముందు గది వైపు ఒకసారి చూసింది.

"మూడుసార్లే కాదు తల్లీ," అంది అసిరమ్మ. "నాను లెక్కెట్టడం మానీసినాను. ఆ పిల్లకి ఓ సెవి పోనాది. ఈ గుడ్డ ఆ పిల్ల సేతే కట్టించుకున్నాను."

ప్రమోద జవాబిచ్చేలోపే అసిరమ్మ ఒళ్లు జలదరించింది. మణికట్టు దగ్గర చిన్న మంటలా పుట్టి పైకి ఎక్కింది. ఏడాదిన్నర పేర్లు ఒకదాని వెనక ఒకటి తోసుకుంటూ రాసాగాయి. ఎడమచెయ్యి నిండిపోయి కుడిచేతికి, కుడిచెయ్యి నిండి భుజాల మీదికి. అసిరమ్మ కేక బయటికి రాకుండా చీర కొంగు నోట్లో కుక్కుకుంది. ప్రమోద ఆమెని, పురుటి నొప్పుల మనిషిని పట్టుకున్నట్టు, వెనకనుంచి వాటేసి పట్టుకుంది. పట్టుకుని, వస్తున్న పేర్లు వస్తున్నట్టే చిన్న గొంతుతో చదివింది. చికిటివాడొకడు. గంజాంవాళ్లు ఇద్దరు. ఈ వీధివాడే ఒకడు. హరీష్, ఛత్రపురం.

అసిరమ్మ నోట్లోంచి కొంగు లాగేసింది. "ఏటీ? మళ్లీ సదువు."

ప్రమోద మళ్లీ చదివింది.

అంతా అయ్యాక ప్రమోద పొడి తువ్వాలుతో ఆ చేతులు అద్దింది. కొత్త కట్టు కట్టలేదు. ముందు గదిలోకి వెళ్లి, "ఎల్దాం పదమ్మా," అంది. మంగమ్మ ఏమిటని అడగబోయి, వంటింటి గుమ్మంలో నిలబడ్డ అసిరమ్మ చేతులు చూసి, దగ్గరికొచ్చి చదివి, తాను తెచ్చిన పళ్లెం తానే ఎత్తుకుంది. గుమ్మం దాటాక ప్రమోద ఒక్కసారి వెనక్కి తిరిగి, "రెండు రోజులు బరువులెత్తకత్తా," అని చెప్పి వెళ్లింది.

గౌరీశంకర్ వంటింట్లోకి వచ్చాడు. "నాను నీ కొడుకుని కానేటే?"

"నా కొడుకువే బావు. అందుకే ఇన్నాళ్లు కట్టుకున్నాను. పరాయోడివైతే మొదటి రోజే సూపించీసుందును."

అతని చెయ్యి లేచింది. తల్లి కదలకుండా ఆ చేతిని చూసింది. అతనూ చూసుకున్నాడు. గాలిలో కాసేపు ఉంచి, అది తనది కానట్టు దించాడు. సంచి సర్దుకుని మధ్యాహ్నం రైలుకే వెళ్లిపోయాడు. దారికని ఆమె కట్టిన పొట్లం అరుగు మీదే ఉండిపోయింది. సూరత్‌లో ఈ చేతుల సంగతి తెలిసినవాళ్లు లేరు. అక్కడ ఏ పిల్లకి ఏ గదిలో ఏమవుతుందో అసిరమ్మకి చర్మం మీద తెలుస్తుందేమో గాని, ఆ పిల్లకి ముందుగా చెప్పేవాళ్లుండరు. పొట్లం విప్పి కాకులకి వేసి, అరుగు మీద కూచుని ఏడ్చింది. కొడుకు పోయాడని ఏడ్చిందో, కొడుకు అలాంటివాడైనందుకు ఏడ్చిందో ఆమెకే తెలీలేదు.

మర్నాడు పొయ్యి వెలిగించలేదు. మొదటి ప్యాసింజరెక్కి బరంపురంలో దిగి, రెండు బస్సులు మారి మార్కండి వెళ్లింది. కూర్మమ్మ ఇసకలో పరిచిన చేపలు తిరగేస్తోంది. అసిరమ్మ ఆమె ముందు నిలబడి రెండు చేతులూ చాపింది.

"నువ్వు బాగానే సూసినావు కూర్మమ్మా. నాను దాసీసినాను. నా కొడుకు పేరు కట్టు కింద దాసీసినాను. అందుకే మరే పేరూ రానేదు."

కూర్మమ్మ చేతిలో చేప కింద పడేసింది. చదివింది. హరీష్ పేరు ఎక్కడుందో ఎవరూ చూపించనక్కర్లేకపోయింది. అసిరమ్మ కళ్లు మూసుకుంది, కొడుతుందనుకుంది, కొడితే బాగుండుననుకుంది. ఎంతసేపటికీ దెబ్బ పడలేదు.

"నా కాడ క్షమాపణ నేదు," అంది కూర్మమ్మ చివరికి.

"నానడగను."

కూర్మమ్మ కళ్లజోడు కొంగున తుడుచుకుంది. "ఆడికి మళ్లీ పిల్లని సూసినారు. ఛత్రపురంలోనే. ఎల్లుండి తాంబూలాలంట." అని అసిరమ్మ మణికట్టు పట్టుకుంది. "నడు."

బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూచున్నారు. కూర్మమ్మ పట్టు వదల్లేదు. చేపల ఉప్పు అంటిన ఆమె గోళ్లు అసిరమ్మ చర్మంలో దిగాయి. కండక్టరు టిక్కెట్లు అడిగితే రెండో చేత్తోనే కొంగు ముడి విప్పింది. బస్సు దిగాక కూడా అలాగే లాక్కుపోయింది, దారిలో ఇద్దరిని అడిగి, ఒక పెంకుటింటి ముందు ఆగింది.

వాకిట్లో ఒక పిల్ల తలంటుకుని జుట్టు ఆరబెట్టుకుంటోంది. ఇరవై ఏళ్లుంటాయేమో. ఎవరు కావాలని ఒడియాలో అడిగింది.

"సదువొచ్చా అమ్మా నీకు?" అంది కూర్మమ్మ.

"వచ్చు," అంది ఆ పిల్ల తెలుగులో, ఏమీ అర్థంకాక నవ్వుతూ.

కూర్మమ్మ మొట్టమొదటిసారి పట్టు వదిలింది. అసిరమ్మ తానే చేతులు రెండూ ముందుకు చాపింది. ఆ ప్రాంతంలో పుట్టిన పిల్ల కనక ఇంకేమీ చెప్పనక్కర్లేదు. నవ్వు మానేసి, తడి చేతులు ఓణీకి తుడుచుకుని, మణికట్టు దగ్గర మొదలుపెట్టి వరస వెంబడి చదువుకుంటూ పోయింది. మోచెయ్యి దాటాక ఆగింది. మళ్లీ చదివింది. వేలు అక్కడే ఉంచి, తల ఇంట్లోకి తిప్పి, "అమ్మా," అని పిలిచింది. "ఓసారి ఇలారా అమ్మా."